తిప్ప మీద టముకు

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చుని ఉన్నాను. మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. ఏదో పన్ను కట్టాలనీ, గడువు దగ్గర పడిందనీ రికార్డు చేసిన ఆడగొంతు చెబుతూ ఉంది. ఆటో ఎక్కడా ఆగలేదు. మాట సగంలో ఉండగానే మలుపు తిరిగి పోయింది.

నా పక్కన మా ఊరాయన ఒకడు సోడా తాగుతున్నాడు. "మన తలారి ఉండుంటే వాణ్ణి నిలబెట్టి అడిగుంటాడు సార్, ఎవురికి చెప్పి పోతా ఉండావురా అని," అన్నాడు. తర్వాత సీసా కింద పెట్టి, తలారి చనిపోయి పదకొండు రోజులైందని చెప్పాడు. బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు, తర్వాతి బస్సుకు వెళ్ళాను.

ఆయన్ను ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. రెవెన్యూ పుస్తకాల్లో గ్రామ సేవకుడు, మాకు తలారి. మండలాఫీసు నుంచి ఏ ప్రకటన వచ్చినా తప్పెట భుజానికి తగిలించుకుని ఊరంతా టముకు వేయడం ఆయన పని. శిస్తు బకాయిలు, ఓటర్ల జాబితా, పశువుల డాక్టరు రావడం, ఏదైనా సరే. సన్నగా, పొడవుగా ఉండేవాడు. ఎవరో ఆఫీసరు ఇచ్చిన పాత ఖాకీ కోటు ఎండాకాలం కూడా విప్పేవాడు కాదు. చెప్పులు విడిచి, వాటిని పక్కపక్కన సరిగ్గా సర్ది, అప్పుడు తప్పెట మీద పుల్ల వేసేవాడు.

ఆయనకు చదువు రాదు. కాగితం ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, అక్షరం తప్పకుండా అప్పగించేవాడు. చివర్లో "సంతకం, ఇంగ్లీషులో. దాని కింద గుండ్రం సీలు" అని కూడా చెప్పేవాడు. ఒకసారి గుమాస్తా పొరపాటున పొలం సరిహద్దుల్లో ఉత్తరం రెండుసార్లు రాసి దక్షిణం మరిచిపోయాడు. ఈయన రెండు ఉత్తరాలూ చెప్పుకుంటూ ఊరంతా తిరిగాడు. టీ కొట్టు దగ్గర అందరూ నవ్వితే, "కాయితంలో దక్షిణం లేదు. నేనెట్లా పుట్టించేది?" అన్నాడు.

చెప్పడం అయ్యాక ఆయన ఆగేవాడు. అదే నాకు ఎక్కువగా గుర్తుంది. చుట్టుపక్కల ఊళ్ళలో టముకు వేసేవాళ్ళు నడుస్తూనే అరిచేవాళ్ళు. ఈయన ప్రతి గడప ముందూ నిలబడి, మొత్తం చెప్పి, తల కుడివైపుకు వంచి, లోపలి నుంచి జవాబు వచ్చేదాకా కదిలేవాడు కాదు. పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళు విసుక్కుని "విన్నాం పోవయ్యా" అని కేకేసేవాళ్ళు. అప్పుడు తలూపి పక్కింటికి పోయేవాడు. ఎందుకంత చాదస్తమని ఒకసారి అడిగితే, "గవర్నమెంటు నాకు జీతమిచ్చేది అరిచేదానికా సార్? అరిచేదానికైతే గాడిద చాలు. జవాబు వినొచ్చేదానికి," అన్నాడు.

సంగం కాలవల కింద వరికోతలకు పోయిన కుటుంబాల ఇళ్ళు నెలల తరబడి తాళాలు వేసి ఉండేవి. ఆ ఇళ్ళ ముందు కూడా ఆగేవాడు. ఒకరోజు బడికి వెళ్తూ చూశాను. తుప్పు పట్టిన తాళం ముందు నిలబడి, ప్రకటనంతా చెప్పి, తల వంచి, కాసేపు ఆగి, తలూపి కదిలాడు. ఎవరు విన్నారని అడిగాను.

"ఇల్లు విన్నది సార్. వాళ్ళొచ్చినాక చెబుతాది."

ఆయన నవ్వుతూ అనలేదు. నేను అక్కడున్నంతసేపూ లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. మరి దేనికి తలూపాడో అర్థం కాక, ఆ తలుపు దాటేటప్పుడు నా నడక దానంతటదే వేగమైంది.

అది తొంభైల మధ్యకాలం. నేను మా ఊరి బడిలో సామాన్యశాస్త్రం చెప్పేవాణ్ణి, మా బాప్టిస్టు సంఘానికి కార్యదర్శిని. మా ముత్తాతల కాలంలో మిషనరీలు ఈ మెట్ట ఊళ్ళలో సువార్త చెప్పినప్పుడు మారిన కుటుంబాలు మావి. అమ్మ బైబిలు స్త్రీగా పనిచేసింది. భుజాన గుడ్డసంచీతో కలువాయి దాకా ఊరూరా నడిచి వాక్యం చెప్పిన మనిషి. కులంతో పని లేకుండా అందరూ ఆమెను బైబిలమ్మ అనేవాళ్ళు.

ఇన్ని తరాలైనా మా సంఘానికి సమాధుల తోట లేదు. వాగు గట్టున ఇసకలో పూడ్చుకునేవాళ్ళం. ఒక ఏడు కార్తీకంలో తుఫాను వానలకు వాగు పొంగి గట్టు సగం కోసుకుపోయింది. నీళ్ళు తీసినాక వెళ్ళి చూస్తే నాయన సమాధి ఉన్నచోట నున్నటి ఇసక తప్ప ఏమీ లేదు. నాయన పేరు చెక్కిన కొయ్య సిలువ మూడు ఊళ్ళ అవతల ఎవరిదో కంపకంచెలో చిక్కుకుని దొరికింది. అమ్మ ఏడవలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు ఆమెకు కాళ్ళ వాపు మొదలై, నెల్లూరు ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని అడిగింది. "నన్ను నీళ్ళకియ్యొద్దు నాయనా. బాప్తిస్మం నాడు ఒకసారి మునిగినాను, అది చాలు."

ఊరికి పడమట, వాగుకు చాలా ఎత్తున, పలుగురాళ్ళ తిప్ప ఒకటుంది. ప్రభుత్వ పోరంబోకు. అక్కడ ఏమీ మొలవదు, గొర్రెలు కూడా ఎక్కవు. సంఘం దానిలో ఒక ఎకరం అడగాలనుకుంది. పంచాయతీ ప్రెసిడెంటు రెడ్డిగారు మా ఇంటికి వచ్చి, కొనేదెందుకు బైబిలమ్మా, పూడ్చుకుంటే ఎవరడుగుతారని నవ్వాడు. అమ్మ మంచం మీది నుంచే జవాబిచ్చింది. "ఇయ్యాళ నువ్వు పెట్టుకోమంటావు రెడ్డీ. రేపు నీ మనవడు తీసుకోమంటాడు. కాయితం కావాల." మా బైబిల్లో విశ్వాసులకు తండ్రి అయినవాడు కూడా భార్యను పాతిపెట్టుకోవడానికి ఆ దేశస్థులు ఊరికే ఇస్తామన్న చోటును ఊరందరూ వింటుండగా నిండు వెల ఇచ్చి కొన్నాడు. మా ఆడవాళ్ళు ప్రతిపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తారు. ఆ బియ్యం అమ్మిన డబ్బే మా వెల.

దరఖాస్తు నెల్లూరు వెళ్ళి తిరిగి వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే. ఫలానా భూమిని ఫలానా సంఘానికి అమ్మబోతున్నాం, అభ్యంతరం ఉన్నవాళ్ళు పదిహేను రోజుల్లో చెప్పుకోవచ్చు అని ఊళ్ళో టముకు వేయాలి. ఎవరూ ఏమీ అనకపోతే, "టముకు వేశాను, అభ్యంతరాలు రాలేదు" అనే కాగితం మీద తలారి వేలిముద్ర వేయాలి, సంఘం తరఫున నేను సాక్షి సంతకం చేయాలి. ఆ కాగితం ఉంటేనే ఫైలు పైకి పోతుంది.

ఆ రోజు తలారి ఊరంతా తిరగడం బడిలో ఉండగానే విన్నాను. వీధులన్నీ అయ్యాక తప్పెట ఆగింది. నేను పాఠంలో పడ్డాను. కాసేపటికి మళ్ళీ మోగింది, దూరంగా, పడమటి నుంచి. అటువైపు ఇళ్ళు లేవు. తిప్ప ఒక్కటే ఉంది. కొంచెం మోగడం, ఆగడం, మళ్ళీ మోగడం. పిల్లలు కూడా కిటికీలోంచి అటే చూశారు.

గడువు ముగిసిన రోజు మండలాఫీసు వసారాలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సిరాపెట్టె తెరిచి పెట్టాడు. తలారి బొటనవేలు పిడికిట్లో దాచుకుని నిలబడ్డాడు.

"ఒక అభ్యంతరం వచ్చింది సార్."

ఎవరిదని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"తిప్ప మీద ఉండే ఆమెది."

తిప్ప మీద ఎవరూ ఉండరు కదా అంటే తలారి పిడికిలి విప్పలేదు. గుమాస్తా పెన్ను చెవి వెనక పెట్టుకుని, "ఆమెను రాతపూర్వకంగా ఇమ్మను. సంతకం రాకుంటే నీలాగా వేలుముద్ర ఎయ్యమను," అన్నాడు. వసారా అంతా నవ్వింది. ఇన్‌స్పెక్టరు మాత్రం నా వైపు తిరిగి, సోమవారం నెల్లూరికి ఫైళ్ళ కట్ట పోతుందనీ, ఇది అందులో లేకపోతే మళ్ళీ ఎప్పటికో తన చేతిలో లేదనీ చెప్పాడు. ఆ రోజు శుక్రవారం. అమ్మ రెండు రోజులుగా గంజి కూడా మింగడం లేదు.

నేను తలారిని పక్కకు లాగి, మా అమ్మను చూసైనా వేలిముద్ర పెట్టమని బతిమాలాను.

"బైబిలమ్మ కోసం వేలు కోసిమ్మన్నా ఇస్తాను సార్. వచ్చిన జవాబు రాలేదని ఎట్లా పెడతాను? అట్లా పెట్టమని మీ వాక్యంలో ఉండాదా?"

అబద్ధ సాక్ష్యం పలకవద్దని ప్రతి ఆదివారం పిల్లలకు నేర్పేవాణ్ణి. ఆ చోటు నాకు చూపించమన్నాను.

మర్నాడు శనివారం, ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఆయనతో తిప్పకు వెళ్ళాను. దారిలో ఆయనకు మా నమ్మకం వివరించాను. మరణించినవారిని మేము నిద్రించినవారంటామనీ, లోకాంతాన కడబూర మోగేదాకా వాళ్ళు లేవరనీ, వాళ్ళను పలకరించడం దేవుడు నిషేధించాడనీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"నిద్రపోయేవాళ్ళే గదా సార్, పిలిస్తే పలికేది," అన్నాడు.

తిప్ప కింద చెప్పులు విడిచి సర్దాడు. ఆ రాళ్ళు ఎండకు కాలి తెల్లగా మెరుస్తున్నాయి. గాలి లేదు, పిట్ట లేదు. ఆయన సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు సరిహద్దులు, సంఘం పేరు, ఇంగ్లీషు సంతకం, గుండ్రం సీలు, అన్నీ చెప్పాడు. తల వంచి ఆగాడు. తలూపి నడిచాడు. ఒకచోట రెండు అడుగులకే ఆగాడు. మరోచోట పది అడుగులు ఊరికే దాటి ఆగాడు. ఆ ఎడాలు ఎందుకలా ఉన్నాయో ముందు నాకు తెలియలేదు. తర్వాత తెలిసింది. మా వీధిలో కూడా ఆయన అలాగే ఆగేవాడు. ఇళ్ళు సమానమైన దూరంలో ఉండవు కదా. ఎన్నిచోట్ల ఆగాడో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేశాను.

వాయవ్య మూలకు వచ్చి పుల్ల వేశాడు. తప్పెట మోగలేదు. తడిగుడ్డ మీద కొట్టినట్టు ఒక మొద్దు చప్పుడు, అంతే. రెండడుగులు వెనక్కి వేసి కొట్టాడు. ఖంగున మోగింది. మళ్ళీ ముందుకు వచ్చి, పుల్ల నా చేతికిచ్చాడు.

"మీరు కొట్టండి సార్."

వద్దనాల్సింది. కొట్టాను. దెబ్బ మణికట్టు దాకా తెలిసింది, చెవికి మాత్రం రాలేదు. అంత ఎండలో తోలు బిగుసుకుని ఉండాలి. రాళ్ళ అమరిక వల్ల శబ్దం అణిగి ఉంటుందని నా చదువు చెప్పింది. పుల్ల ఆయనకు తిరిగిచ్చేశాను.

"బిడ్డ నిద్రపోతా ఉండాదంట," తలారి చాలా మెల్లగా అన్నాడు. "మీరొస్తే తవ్వతారు, పాడతారు, ఏడస్తారు. బిడ్డ లేస్తాది, ఆమె వద్దంటా ఉండాది. అదే అభ్యంతరం."

ఆమె ఎవరు, ఎప్పటి మనిషి అని అడిగాను. ప్రకటనలో ఆ ప్రశ్న లేదు కాబట్టి తాను అడగలేదన్నాడు.

అమ్మకు చెప్పకూడదనుకున్నాను. అయితే ఆమె నా ముఖం చూసి, తలారిని లోపలికి పిలిపించింది. ఆయన గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుని, ఉన్నదంతా చెప్పాడు. ఒక్క ముక్క ఎక్కువ చేయలేదు, తగ్గించలేదు. అమ్మ కళ్ళు మూసుకుని వింది. ఆమె వాక్యం ఎత్తి ఆయన్ను మందలిస్తుందని ఎదురుచూశాను.

"ఒకతే చూసుకుంటా ఉండాదా, బిడ్డను?" అంది.

"ఒకతే అమ్మా."

"ఎప్పట్నించి?"

"అది తెలవదు. అలిసిపోయిన గొంతు."

అమ్మ ఊపిరి పట్టి పట్టి వస్తూ ఉంది. తర్వాత కళ్ళు తెరిచింది. "మళ్ళీ పోయి టముకు వెయ్యి అన్నా. ఫలానా ఊరి బైబిలమ్మ, ముగ్గురు బిడ్డలను పెంచిన మనిషి, నీ పక్కనొచ్చి పడుకుంటానంటా ఉండాది. బిడ్డను కాసేపు తను చూస్తుందంట. నువ్వు కొంచెం కన్ను మూసుకోవచ్చునంట. అభ్యంతరముంటే చెప్పమను."

నేను ఆగలేకపోయాను. ఇది వాక్యానికి విరోధం కదమ్మా, ఇన్నేళ్ళు ఊరూరా చెప్పినదానికి విరోధం కదా అన్నాను.

"నేనేమన్నా మాట్లాడతా ఉండానా వాళ్ళతో? ప్రకటన చేయిస్తా ఉండాను," అంది. పెదవి చివర నవ్వు. "గవర్నమెంటు పనిరా అది."

ఆదివారం ఆరాధన జరుగుతుండగా, మూడో పాటకు, పడమటి నుంచి తప్పెట వినిపించింది. ఈసారి ఒక్కచోటే, చాలా నెమ్మదిగా, వేళ్ళతో తట్టినట్టు. నేను పాట తప్పాను.

సోమవారం ఆఫీసు తెరవకముందే తలారి వసారాలో కూర్చుని ఉన్నాడు. సిరాపెట్టె తెమ్మని తనే అడిగి, బొటనవేలు అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కాడు. ఏమైంది నీ అభ్యంతరమని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"వాపసు తీసుకున్నది సార్."

గుమాస్తా నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. కాగితం నా వైపు జరిపాడు. అభ్యంతరాలు లేవు అన్న మాట కింద సాక్షిగా సంతకం చేశాను. ఆ మాట ఏ అర్థంలో నిజమని నమ్మి చేశానో దేవుని ముందు నిలబడినప్పుడు చెప్పాలి.

అమ్మ ఎలా నిలిచిందో తెలియదు. గంజి లేకుండా, తడిగుడ్డతో పెదవులు అద్దితే చాలు అన్నట్టు రోజులు లాగింది. ఆర్డరు చేతికి వచ్చిన రోజు కాగితం ఆమె గుండెల మీద పెట్టి చదివి వినిపించాను. నాలుగు సరిహద్దులూ విని, తలూపింది. మూడోనాడు తెల్లారి ప్రభువునందు నిద్రించింది.

తిప్ప మీద మొదటి సమాధి అమ్మదే. చోటు తలారి చూపించాడు, వాయవ్య మూలకు రెండు అడుగుల ఇవతల. గోతులు తవ్వేవాళ్ళు పలుగురాయి చూసి ముందే భయపడి, నాలుగు గడ్డపారలు తెచ్చుకున్నారు. మిగతా తిప్పంతా గడ్డపార వేస్తే నిప్పులు వచ్చే నేల. అక్కడ మాత్రం మన్ను మెత్తగా, నల్లగా, ఎవరో ఎప్పుడో తవ్వి కప్పినట్టు పారకే వచ్చింది. తవ్వేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు గాని, పని ఆపలేదు. ఏమీ బయటపడలేదు. ఆ రోజు సంఘం ఎప్పటిలా గొంతెత్తి పాడలేదు. ఎవరూ చెప్పలేదు, అందరూ గొంతు తగ్గించారు.

ప్రార్థన అయి, పిడికెడు మన్ను వేసి, అందరూ తిప్ప దిగారు. నేను మిగిలాను. తలారి మూల దగ్గర తల కుడివైపుకు వంచి నిలబడి ఉన్నాడు. ఉదయగిరి కొండ మీద మబ్బు పట్టింది. పునరుత్థానాన్ని నమ్మేవాణ్ణి నేను. మన్నులో మాటలుండవని నలుగురికీ చెప్పేవాణ్ణి. అయినా ఆయన దగ్గరకు నడిచాను. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు.

"ఏమన్నా అంటా ఉండాదా?" అని అడిగాను.

ఆయన ఇంకాసేపు విన్నాడు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని తిప్పకిందికి తిప్పాడు.

"బిడ్డ మీ అమ్మ దగ్గరుండాది సార్. ఆ తల్లి ఇప్పుడే నిద్రపోయింది. మెల్లగా నడవండి."

రాళ్ళ మీద చప్పుడు కాకుండా అడుగులు వేస్తూ దిగాడు. గాలికి కూడా మోగకుండా, తప్పెట మీద అరచెయ్యి పరిచి పట్టుకున్నాడు.